చిన్నాకు, పెట్కోవిచ్ గురించి

చిన్నా,

నిన్న ఫోన్లో "ఇంకా ఎన్ని ఊళ్లు తిరగాలమ్మా?" అన్నావు. మీ క్లబ్బు మళ్లీ లోన్ మీద ఇంకో క్లబ్బుకు పంపేసిందని, అక్కడా ఆడించకుండా బెంచ్ మీదే కూర్చోబెడుతున్నారని, సూట్‌కేసులోంచి బట్టలు తీసి సర్దుకోవడం కూడా మానేశానని చెప్పావు. రాత్రంతా అదే తిరిగింది మనసులో. నాకు బాగా ఇష్టమైన ఒక ఫుట్‌బాల్ ఆటగాడి గురించి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఆయన పేరు డెయాన్ పెట్కోవిచ్. సెర్బియా వాడు, అప్పట్లో అది యుగోస్లావియాలో భాగం.

యుగోస్లావియా అంటే మన ఇంట్లో కొత్త పేరేం కాదు కదా. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో మన హైదరాబాద్ రహీం సాబ్ కోచింగ్‌లో ఆడిన భారత జట్టు, నెవిల్ డిసౌజా గోలుతో ముందుకెళ్లి కూడా 4-1తో ఓడిపోయింది వాళ్ల చేతిలోనే. తాతయ్య ఆ మ్యాచ్ గురించి చెప్పేటప్పుడు ఓడినందుకు బాధ కంటే వాళ్ల పాసింగ్ మీద గౌరవమే ఎక్కువ కనిపించేది.

పెట్కోవిచ్ 1972లో మైదాన్‌పెక్ అనే రాగి గనుల ఊళ్లో పుట్టాడు. పదహారేళ్లు నిండిన కొద్ది రోజులకే నిష్ నగరంలోని రాద్నిచ్కి క్లబ్బు తరఫున ఫస్ట్ డివిజన్‌లో దిగాడు. 1992లో రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్ తీసుకుంది. అంతకు ముందు ఏడాదే యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ యూరోపియన్ కప్పు గెలిచిన క్లబ్బు అది. కుర్రాడికి అంతకంటే ఏం కావాలి? కానీ సరిగ్గా ఆ సమయానికే యుద్ధం కారణంగా ఐక్యరాజ్యసమితి యుగోస్లావియా మీద ఆంక్షలు పెట్టింది. యూరప్ దేశాల పోటీ యూరో 92 కోసం స్వీడన్ దాకా వెళ్లిన యుగోస్లావియా జట్టును వెనక్కి పంపేశారు. వాళ్ల స్థానంలో వచ్చిన డెన్మార్క్ ఏకంగా కప్పే ఎత్తుకుపోయింది. రెడ్ స్టార్‌కు యూరప్ పోటీలు లేవు, దేశానికి 1994 వరల్డ్ కప్ క్వాలిఫయర్లు లేవు. ఇరవై నుంచి ఇరవై మూడేళ్ల వరకు, ఆటగాడు ప్రపంచం కంట్లో పడాల్సిన వయసంతా అలా గడిచిపోయింది. అందులో అతని తప్పు ఒక్కటి చెప్పు.

తర్వాత రియల్ మాడ్రిడ్ పిలిచింది. పేరు వినగానే కష్టాలు తీరిపోయాయి అనుకుంటాం. అక్కడ అతనికి దక్కిన మ్యాచ్‌లు చాలా తక్కువ. సెవియాకు లోన్, తర్వాత రాసింగ్ సాంటాండెర్‌కు లోన్. నువ్వు నిన్న చెప్పినదంతా అతనూ పడ్డాడు, అదీ నీకంటే పెద్ద క్లబ్బులో, అందరి కళ్ల ముందు. 1997లో బ్రెజిల్‌లోని సాల్వదోర్ నగరానికి, విటోరియా అనే క్లబ్బుకు వెళ్లాడు. ఆటగాళ్లు బ్రెజిల్ నుంచి యూరప్‌కు వెళ్తారు కానీ, రియల్ మాడ్రిడ్ నుంచి బ్రెజిల్‌కు వెళ్లేవాళ్లు ఎవరుంటారు? కానీ అక్కడే జనం అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. "పెట్" అని పిలవడం మొదలుపెట్టారు. మధ్యలో ఇటలీలో వెనీజియాకు వెళ్లి, 2000లో మళ్లీ బ్రెజిల్‌కే, రియోలోని ఫ్లమెంగోకు వచ్చాడు.

2001 మే 27 సంగతి మాత్రం కాస్త నింపాదిగా చదువు. రియో రాష్ట్ర ఛాంపియన్‌షిప్ ఫైనల్ రెండో మ్యాచ్, మరకానా స్టేడియంలో, వాస్కో డ గామా క్లబ్బు మీద. మొదటి మ్యాచ్ ఫ్లమెంగో 2-1తో ఓడింది కాబట్టి ఈసారి రెండు గోల్స్ తేడాతో గెలిస్తేనే కప్పు. ఫ్లమెంగోకు ఎడిల్సన్ రెండు గోల్స్ కొట్టాడు, జూనిన్యో పౌలిస్తా వాస్కోకు ఒకటి తిరిగి ఇచ్చాడు. 2-1. గెలుస్తున్నారు, అయినా కప్పు పోతోంది. రెండో సగం 43వ నిమిషంలో గోలుకు చాలా దూరంగా ఫ్రీకిక్ దొరికింది. అంత దూరం నుంచి చాలామంది బాల్‌ను బాక్సులోకి లేపుతారు, ఎవరో ఒకరు తల పెడతారని. పెట్ నేరుగా గోలుకే కొట్టాడు. కుడికాలితో తిప్పిన బాల్ డిఫెండర్ల గోడ మీదుగా లేచి, చివర్లో వంగి, కీపర్ ఎల్టన్ పూర్తిగా చాచిన చేతికి అందకుండా పై మూలలో పడింది. యూట్యూబ్‌లో చూడు. ఒకసారి బాల్‌ను కాదు, అతని ఎడమకాలు ఎక్కడ ఆనుతుందో చూడు. నీకు ఎప్పుడూ తప్పేది అక్కడే.

ఆ గోలు తర్వాత జీవితాంతం ఫ్లమెంగోలో ఉండిపోయాడనుకున్నావా? మరుసటి ఏడాదే వాస్కోకు ఆడాడు! తర్వాత చైనాలో షాంఘై షెన్‌హువా, మళ్లీ వాస్కో, జెడ్డాలో అల్ ఇత్తిహాద్, ఫ్లుమినెన్సే, గోయాస్, సాంటోస్, అత్లెటికో మినేరో. దేశానికి ఆడింది ఏడంటే ఏడే మ్యాచ్‌లు. 1998 వరల్డ్ కప్ జట్టులోకి తీసుకోలేదు. నా దృష్టిలో అది వాళ్లకే నష్టం.

2009లో ముప్పై ఆరేళ్ల వయసులో ఫ్లమెంగోకు తిరిగి వచ్చాడు. ఎలా వచ్చాడో విను. పాత రోజుల్లో క్లబ్బు అతనికి ఇవ్వాల్సిన డబ్బు బాకీ ఉండిపోయింది. ఆ బాకీ తేల్చుకునే ఒప్పందంలో భాగంగా వచ్చాడు. ముసలాడైపోయాడు, అప్పు తీర్చడానికి తెచ్చుకున్నారు అన్నవాళ్లు క్లబ్బు లోపలే ఉన్నారు. అతను 43వ నంబరు జెర్సీ వేసుకున్నాడు, 2001 నాటి ఆ నిమిషం గుర్తుగా. పరుగు తగ్గింది కానీ కాలు తగ్గలేదు. అక్టోబరులో పల్మెయిరాస్ మీద కార్నర్ నుంచి నేరుగా గోలు కొట్టాడు. నవంబరులో అత్లెటికో మినేరో మీద మళ్లీ అలాగే. ఎవరికీ తగలకుండా, జెండా దగ్గర నుంచి లోపలికి తిరిగి వచ్చే బాల్! ఒక్కసారి పడితే గాలివాటం అనొచ్చు. మూడు నాలుగు వారాల్లో రెండుసార్లు పడితే అది ప్రాక్టీసే. డిసెంబరు 6న మరకానాలో గ్రేమియో మీద 2-1తో గెలిచి ఫ్లమెంగో బ్రెజిల్ లీగ్ ఛాంపియన్ అయింది, 1992 తర్వాత మళ్లీ అప్పుడే. రొనాల్దో ఆంజెలిమ్ తలతో కొట్టిన ఆ గెలుపు గోలుకు కార్నర్ వేసింది పెట్. అప్పటికి ముప్పై ఏడేళ్లు. 2011 జూన్‌లో ఆట వదిలేశాక కూడా అక్కడే ఉండి, టీవీలో పోర్చుగీసులో కామెంటరీ కూడా చెప్పాడు.

నువ్వు మాత్రం కొత్త ఊరికి వెళ్లిన ప్రతిసారీ ఇక్కడ ఎన్నాళ్లులే అని ఎవరితోనూ మాట్లాడవు. అక్కడి భాష నేర్చుకో నాన్నా, కనీసం డిఫెండర్లను కేకేసి పిలవడానికైనా. బట్టలు అలమారాలో సర్దు. కోచ్ ఆడించడం, ఆడించకపోవడం నీ చేతిలో లేదు. ప్రాక్టీసు అయ్యాక ఉండి కార్నర్లు వేసుకోవడం నీ చేతిలోదే. కిట్ చూసుకునే ఆయన్ని అడిగితే బాల్స్ ఉంచకపోడు.

ఇంకొకటి. పెట్ అంతటివాడికే జీతం బాకీ పడ్డారు. లెక్క కాగితం మీద ఉంది కాబట్టి ఎన్నేళ్లయినా అడగగలిగాడు. మ్యాచ్ ఫీజు సంగతి కోచ్ నోటిమాటగా చెప్పాడన్నావు కదా, దాన్ని రాయించుకో. కాంట్రాక్టు ఫొటోలు తీసి నాకు వాట్సాప్ చెయ్, సంతకాల పేజీ ఒక్కటే కాదు, జీతం తేదీలు ఉన్న పేజీ కూడా. ఆదివారంలోగా పంపితే నాన్న, నేను కూర్చుని చదువుతాం.

మోకాలికి ఐస్ పెట్టడం మర్చిపోకు.

అమ్మ