కౌలు కార్డుకు యజమాని సంతకం ఎక్కడి నుంచి తేవాలి? రెవెన్యూ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రెవెన్యూ శాఖ మంత్రి గారికి,

శ్రీకాకుళం జిల్లా, వంశధార ఎడమ కాలువ శివారులో కౌలుకు వరి పండించే రైతు నమస్కరించి రాస్తున్నది.

గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చిన ప్రతిసారీ రసీదు ఇచ్చారు. కొన్నాళ్లకు ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏది పరిష్కారమైందో మాకే తెలియలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

కౌలు రైతుకు కార్డు ఇవ్వడానికి 2011 చట్టంలో లేని యజమాని సంతకం 2019 చట్టంలో పెట్టారు. మా యజమాని విశాఖలో ఉంటారు. మంచాయనే, కౌలు కోసం పీడించరు. సంతకం అనేసరికి మాత్రం ‘కాగితాల గొడవెందుకురా’ అంటారు. కౌలుకిస్తే కనీసం ఆరేళ్లు ఉంచాలనే 1956 కౌలు చట్టం గడువు గురించి ఎవరో చెప్పుంటారు. కార్డు 11 నెలలకే, మీ హక్కుకు ఢోకా లేదని నేను చెబితే నమ్ముతారా? మీ సిబ్బంది చెప్పాలి. వాళ్లేమో ముందు సంతకం తెమ్మంటారు.

కార్డు లేదు కాబట్టి ఈ-పంట, అంటే పంట నమోదులో యజమాని పేరే. బ్యాంకు అప్పు పుట్టదు. ఎరువులు అరువిచ్చే కొట్టాయనే ధాన్యం వ్యాపారి, కళ్లంలోనే కాటా పెడతాడు. 2025-26 మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. అంటే 80 కిలోల బస్తాకు 1,895. నా చేతికొచ్చింది 1,500. అందులోనూ తేమ, తాలు అంటూ తరుగు.

దిగుబడి పెంచండి, నేలను కాపాడండి అని సమావేశాల్లో చెబుతుంటారు. సంతోషం. గెత్తం, అంటే పశువుల ఎరువు తోలితే దాని బలం రెండు మూడేళ్లుంటుంది. వచ్చే ఉగాదికి మడి మా చేతిలో ఉంటుందో లేదో తెలియనప్పుడు ఎవరు తోలతారు? మా పడమటి గట్టు నిండా పీతబొరియలు. రాత్రి పెట్టిన నీరు తెల్లారేసరికి పక్కాయన మడిలో ఉంటుంది. గట్టు కొత్తగా వేయించాలి, కానీ ఎవరి కోసం? గడ్డి కుక్కి, మట్టి మెత్తి నెట్టుకొస్తున్నాం. యూరియా మాత్రం వేస్తాం, అది ఈ పంటకే పనిచేస్తుంది కాబట్టి.

భూసంస్కరణలు 1973 భూపరిమితి (సీలింగ్) చట్టంతోనే అయిపోయాయి కాబోలు. రీసర్వేలో హద్దురాళ్లు పాతారు, ఆ రాళ్ల మధ్య దున్నేవాడెవడో ఎవరూ అడగలేదు.

అయ్యా, ఆ సంతకం షరతు తీసేయండి. అది కుదరకపోతే మీ సిబ్బందే యజమానులతో మాట్లాడి ఒప్పించాలి. ఏదో ఒకటి చేయండి. కొత్త కౌలు చట్టం వస్తుందని వింటూనే ఉన్నాం. ఊడుపులకు ముందే తెండి, కోతలయ్యాక తెస్తే ఈ ఏడాది ధాన్యమూ కొట్టాయనకే.

ఇట్లు,
ఒక కౌలు రైతు