బెజ్జం చూసి చెప్పండి, పేరు చూసి కాదు

సంపాదకులకు,

తిరుపతిలో పగడాలు, తులసిమాలల పక్కనే ఇప్పుడు ‘పాత ఆఫ్రికా పూసలు’ కూడా అమ్ముతున్నారు. ఆఫ్రికా నుంచి వచ్చినవన్నీ ఆఫ్రికాలో చేసినవి కావు. చాలావరకు ఇటలీలోని వెనిస్, నేటి చెక్ దేశంలోని బొహీమియా బట్టీల్లో పుట్టి, వర్తకుల చేతుల మీదుగా అక్కడికి చేరినవే.

కొనేవారు ముందు బెజ్జం చూడాలి. పదింతలు చూపే భూతద్దం చాలు. పూసను వెలుగుకు అడ్డంగా పట్టండి. చారలు, బుడగలు బెజ్జం పొడవునా సాగితే, అది గొట్టంగా లాగి తుంచిన గాజు. బెజ్జం చుట్టూ తిరిగితే, కడ్డీకి చుట్టిన గాజు. చివర నక్షత్రం కనిపించే షెవ్రాన్ లాగిన రకం, పూల బిళ్లలు అతికిన మిల్లెఫియోరి చుట్టిన రకం. నడుము చుట్టూ సన్నని గట్టు ఉండి, ఒక కొస నున్నగా, రెండోది గరుకుగా ఉంటే అది గాజు కాదు, పింగాణీ పొడిని అచ్చులో నొక్కి కాల్చినది. గుండీల కోసం 1840లో ఇంగ్లండులో రిచర్డ్ ప్రాసర్ అనే ఆయన పేటెంటు పొందిన పద్ధతి అది. అలాంటి పూసను మూడు వందల ఏళ్లనాటిదంటే నమ్మకండి.

మెరుపు లేక, రేణువులు రేణువులుగా ఉన్నది ఘానాలో క్రోబో జాతి వారు చేసినది కావచ్చు. గాజు సీసాల పొడిని మట్టి అచ్చులో పోసి, నడుమ కర్రపెండలం ఆకు కాడ నిలుపుతారు. బట్టీలో కాడ కాలిపోతుంది, బెజ్జం మిగులుతుంది. అది అచ్చంగా ఆఫ్రికాదే.

పసుపు ‘అంబర్’ (యుగాల కిందటి చెట్ల బంక గట్టిపడి రాయిలా మారినది) విషయంలోనే ఎక్కువ మోసపోతారు. 200 మి.లీ. నీళ్లలో 70 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించి, దారం తీసిన పూస వేయండి. అంబర్ పేరుతో అమ్మే బేకలైట్ అనే ప్లాస్టిక్ మునుగుతుంది, అంబర్ తేలుతుంది. ఉప్పు తగ్గితే అంబరూ మునుగుతుంది. బెజ్జంలో గాలి చిక్కినా లెక్క తప్పుతుంది. ఇంకా అంబర్‌గా మారని చెట్టుబంక కోపాల్ కూడా తేలుతుంది కాబట్టి బెజ్జం అంచున అసిటోన్ (గోళ్ల రంగు తుడిచే ద్రవం) చుక్క వేసి తాకండి. జిగటైతే అంబర్ కాదు. కాల్చిన సూది మాత్రం గుచ్చకండి, ఆ మచ్చ పోదు.

నిజంగా పాతబడ్డ దండలో పూసలు ఒరుసుకుని కొసలు అరుగుతాయి. గుంటల్లో సైతం ఒకే తీరున మెరుపు పోయి ఉంటే ఆమ్లంలో ముంచారేమో అనుమానించండి.

మన ఏర్పేడు మండలం పాపానాయుడుపేటలో ‘లాడా’ అనే ఇనుప గొట్టంతో బట్టీలోంచి గాజు లాగి, తుంచి, బూడిదతో కలిపి మళ్లీ వేడిచేసేవారు. బూడిద వల్ల పూసలు అంటుకోవు, బెజ్జాలు పూడవు. భారతదేశం నుంచి వెళ్లిన ఇలాంటి లాగిన చిన్న పూసలు దక్షిణాఫ్రికా, జింబాబ్వే తవ్వకాల్లో దొరికాయి. ఆ పనితనం మనది. దుకాణదారులు దండ మీద ‘ఆఫ్రికా’ అని మాత్రమే కాక, పదార్థం, చేసిన పద్ధతి, తెలిస్తే ఊరు కూడా రాసిపెట్టాలి. పాపానాయుడుపేట పూసను ఆ ఊరి పేరుతోనే అమ్మాలి.

— పూసల సేకర్తలు, తిరుపతి