తులిప్ ఫొటో వేసినప్పుడు తేదీ కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో యూరప్ యాత్రల మీద వచ్చిన రెండు పేజీలు చదివాను. రాసింది బాగుంది, కాదనను. కానీ పేజీ సగం పరుచుకున్న ఆ ఎర్ర తులిప్‌లు చూడగానే నాకు కడుపు మండింది, ఎందుకంటే అచ్చం అలాంటి ఫొటో చూసే కిందటేడు మేమిద్దరం ఒక టూర్ వాళ్ళకి డబ్బు కట్టాం.

మా ప్రయాణం మే మూడో వారంలో. బ్రోచర్ అట్ట మీద తులిప్‌లు, లోపల మాత్రం ‘పూల దేశంలో ఒక రోజు’ అని ఒక్క ముక్క. తీరా ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగాక గైడ్ చల్లగా చెప్పాడు, క్యూకెన్‌హాఫ్ అనే తులిప్‌ల తోట అప్పటికే మూసేశారని. ఆ తోట ఏడాదిలో ఎనిమిది వారాలే తెరిచి ఉంటుంది, మార్చి మూడో వారం నుంచి మే రెండో వారం దాకా. లిస్సే అనే చిన్న ఊళ్ళో 32 హెక్టార్లు, అంటే మన లెక్కలో దాదాపు 80 ఎకరాలు, అందులో దాదాపు 70 లక్షల గడ్డలు చలి ముదరకముందే చేత్తో నాటి పెడతారు. ముందు పూసేవీ ఆలస్యంగా పూసేవీ ఒకే చోట పొరలు పొరలుగా పూడుస్తారు, ఒకటి వాడేసరికి ఇంకొకటి పైకి రావాలని. ఇంత చేసినా ఎనిమిది వారాలే. మన బడులకేమో సెలవులు ఏప్రిల్ ఆఖరి వారంలో మొదలవుతాయి, పిల్లల్ని తీసుకుని పాస్‌పోర్టులూ వీసాలూ చూసుకుని బయల్దేరేసరికి మే సగం అయిపోతుంది. ఈ సంగతి అమ్మేవాళ్ళకి తెలియదంటే నేను నమ్మను.

సరే, తోట పోతే పొలాలైనా చూద్దామని బస్సు కిటికీకి అతుక్కుని కూర్చున్నాం. పొలాల నిండా పచ్చటి మొండి కాడలు, ఒక్కదానికీ పువ్వు లేదు! చాళ్ళ పక్కన పూల రెక్కలు కుప్పగా పడి వాడిపోతున్నాయి. ఎవరో వచ్చి పాడు చేశారేమో అనుకున్నా. మావారిది కర్నూలు జిల్లాలో ఉల్లి పండించే కుటుంబం, ఆయన ఒక్క చూపులో పట్టేశారు, “ఉల్లికి పూల కాడ లేస్తే గడ్డ ఊరదు కదా, ఇదీ అంతే, వీళ్ళు అమ్ముకునేది గడ్డని, పువ్వుని కాదు” అన్నారు. గైడ్‌ని అడిగితే నిజమేనన్నాడు, పూసిన కొద్ది రోజులకే తలలు కోసేస్తారట. టూర్ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఈ ఒక్క విషయమే, అదీ మావారి పుణ్యమా అని! తోటకి బదులుగా మమ్మల్ని ఒక చీజ్ దుకాణానికి తీసుకెళ్ళి గంటన్నర కూర్చోబెట్టారు.

ఆ తర్వాత లండన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. అక్కడి పెద్ద వృక్షోద్యానం క్యూ గార్డెన్స్‌కి ఒక రోజంతా పెట్టుకుని వెళ్ళాం, అదే రోజు ఇంకేమీ పెట్టుకోలేదు. 1848లో పూర్తయిన ఇనుమూ గాజూ ఇల్లు ఒకటుంది, పామ్ హౌస్ అంటారు, తలుపు తోయగానే నా కళ్ళద్దాలు మసకబారిపోయాయి, లోపల అచ్చం వానాకాలపు విజయవాడే. అక్కడ కుండీలో ఒక మొక్క ఉంది, మొక్క అనడం మనమే, చూస్తే ఒరిగిన చెట్టు మొద్దులా ఉంటుంది, ఊతకర్రలు పెట్టి నిలబెట్టారు. 1775లో దక్షిణాఫ్రికా నుంచి ఓడలో తెచ్చారట, అప్పటి నుంచీ కుండీ బతుకే. దాని ముందు బెంచీ మీద అరగంట కూర్చున్నాం, త్వరగా కదలమని ఎవరూ విజిల్ వేయలేదు. మన సామర్లకోటలో మొక్కల మీద పని చేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ మన చిత్రకారుల చేత వేయించిన బొమ్మల ప్రతులు కూడా క్యూలో భద్రంగా ఉన్నాయని మా అమ్మాయి చెప్పింది.

కొండల్లోనూ ఇదే కథ, కాలం చూసుకుని వెళ్ళాల్సిందే. స్విట్జర్లాండ్ తూర్పు మూల ఎంగడీన్ లోయ వైపు 1914 నుంచీ ఒక నేషనల్ పార్కు ఉంది. దారి దిగకూడదు, పువ్వు కోయకూడదు, కుక్కని గొలుసు కట్టి కూడా తేకూడదు, అంత పట్టింపు. ఎత్తున ఉన్న దారులు మంచు కరిగితే గానీ, అంటే దాదాపు జూన్ వస్తే గానీ నడవడానికి వీలుండవు. తులిప్‌లూ కావాలి, ఆల్ప్స్ కొండపూలూ కావాలి అంటే ఒక్క ట్రిప్‌లో కుదరదు, ఎవరు కుదురుతుందన్నా అనుమానించాల్సిందే. మన శ్రీనగర్ తులిప్ తోట కూడా తెరిచేది సుమారు నెల రోజులే, అదీ మార్చి ఆఖర్లో, పిల్లల పరీక్షల నడుమ.

డబ్బు తిరిగిస్తారా అని టూర్ వాళ్ళని అడిగాను. “మేడమ్, తులిప్‌లని మేమెక్కడ రాశాం, ఫొటోనే కదా” అన్నారు. నిజమే, రాయలేదు. అందుకే బుక్ చేసే ముందు ఫలానా తోటలోకి ఫలానా తేదీన తీసుకెళ్తామని కాగితం మీద రాయించుకోండని మీ పాఠకులకి చెబుతున్నాను. మీకు కూడా ఒక మనవి, ఈసారి ఆ ఫొటో వేసినప్పుడు ఎప్పుడు తెరుస్తారో ఎప్పుడు మూస్తారో దాని కిందే వేయండి, చిన్న అక్షరాలైనా పర్వాలేదు, మేం కళ్ళద్దాలు పెట్టుకుని చదువుకుంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు, కర్నూలు