పాత టాటా మొబైల్ పికప్ బండి కొన్న మా అమ్మాయికి

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. అమ్మయితే "ఈ తుక్కుకి డబ్బులు కూడా ఇచ్చిందా?" అంది. నేను మాత్రం బండి కింద ఫోన్ పెట్టి తీశావే, ఆ ఫోటోనే పెద్దది చేసి చూశాను. ఛాసిస్‌కి తుప్పు పట్టింది గానీ పెచ్చులు ఊడటం లేదు. వెనక కమాను కట్టలు బిగించే చోట చిన్న సుత్తితో మెల్లగా కొట్టి చూడు. టంగుమంటే ఇనుము గట్టిదే. బోలుగా మోగినా, పొడి రాలినా ఇంకో రూపాయి పెట్టకముందే నాకు ఫోన్ చెయ్యి.

ఆర్.సి., ట్యాక్సు, ఫైనాన్స్ తాలూకు క్లియరెన్సు చూసుకున్నావనే అనుకుంటున్నాను. ఎనిమిదేళ్లు దాటిన గూడ్స్ బండికి ఏటా ఎఫ్.సి., అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించాలి. పాత బండ్లకి ఆ ఫీజులు కూడా బాగా పెంచారు. నీ దగ్గరున్న 70 వేలల్లో దాని వాటా ఇప్పుడే పక్కన పెట్టు.

ఇక అసలు మాట. బండి మొత్తం ఒకేసారి విప్పెయ్యకు. విప్పిన మొదటి వారం మహా హుషారుగా ఉంటుంది. మా ఆటోనగర్‌లో షెడ్ల వెనక క్యాబిన్ ఒకచోట, ఇంజను ఒకచోట పడి ఉన్న బండ్లు నువ్వూ చూశావు. అవన్నీ ఎవరో ఒకరు ఇష్టపడి మొదలుపెట్టినవే. మధ్యలో డబ్బు అయిపోయింది, ఏ బోల్టు ఎక్కడిదో మర్చిపోయారు, చివరికి కిలోల లెక్కన పోయాయి. ఒక పని విప్పు, పూర్తిచెయ్యి, నాలుగు కిలోమీటర్లు నడిపి చూడు. ఆ తర్వాతే రెండోది. నువ్వనుకున్నట్టు కడియం నర్సరీల నుంచి మొక్కలు తోలుతూ ఉంటే రెండో పనికి డబ్బు బండే తెస్తుంది.

ముందు బ్రేకులు, తర్వాత స్టీరింగు, టైర్లు. ఇంజను వాటి వెనక. రంగు అన్నిటికంటే ఆఖర్న. వచ్చేవాళ్లకి మొదట కనిపించేది రంగే కదా అంటావు, నాకు తెలుసు. కనిపించనీ. మొక్కల లోడుతో గోదావరి వంతెన దిగేటప్పుడు బండిని ఆపేది రంగు కాదు.

1988లో వచ్చిన ఈ మోడల్ పునాది మీదే తర్వాత సియెర్రా, సుమో తయారయ్యాయి. నీకు కలిసొచ్చేది ఇదే. షాపులో "టాటా మొబైల్ సామాను" అంటే లేదని తల ఊపుతారు. "పాత సుమోది చూపించండి" అను. అన్నీ అచ్చంగా సరిపోవు, అందుకే నీ పాత పీసు వెంట తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసుకో. సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటరు, అద్దం దించే మెషిన్లు సెకండ్‌హ్యాండ్‌వి చాలు. బ్రేక్ లైనింగులు, వీల్ సిలిండర్ కిట్లు, హోస్ పైపులు, స్టీరింగు టై రాడ్ ఎండ్‌లు మాత్రం కొత్తవే కొను. అక్కడ బేరం వద్దు.

ఇంజను చూడగానే "బోరుకొచ్చిందమ్మా", అంటే లోపల అరిగిపోయింది, మొత్తం విప్పాలి అనే మెకానిక్‌లు ఉంటారు. నమ్మకు. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడు. పొగ బుసబుసా తన్నుకొస్తే బ్యాక్ కంప్రెషన్ ఉన్నట్టే, అంటే సిలిండర్లో ఉండాల్సిన ఒత్తిడి కిందికి లీకవుతోంది. అప్పుడు కూడా కంప్రెషన్ గేజి పెట్టి చూపించమను. సైలెన్సర్లోంచి నల్లపొగ వస్తే ముందు ఎయిర్ ఫిల్టరు, తర్వాత డీజిల్ చిమ్మే నాజిల్స్ చూపించు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలుస్తున్నాయి, ముందు ఇంజను బ్లాకుకీ హెడ్‌కీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్‌నే అనుమానించాలి. అలా ఉంటే బండి తియ్యొద్దు.

డోర్లకి ఎంత పుట్టీ మెత్తారో తెలుసుకోవాలంటే ఫ్రిజ్ మీది చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి పైనుంచి కిందికి జరుపు. రేకు ఉన్నచోట అతుక్కుంటుంది, పుట్టీ మందంగా ఉన్నచోట జారిపోతుంది. జారిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టు. ఆ గీతలు చూశాక టింకరింగ్‌కి ఎంతవుతుందో నేనే చెప్తాను. రంగు మాత్రం ఆర్.సి.లో ఉన్నదే వేయించు. పసుపు రంగు వేయించాలన్న నీ ముచ్చట తర్వాత చూద్దాం, రంగు మారిస్తే మళ్లీ ఆర్.సి.లో ఎక్కించుకోవాలి.

ఈ ఆదివారం వెనక బ్రేకు డ్రమ్ముల పని మొదలుపెట్టు. ముందు చక్రాలకి అడ్డు పెట్టు. జాకీని నమ్మి కిందకి దూరకు, ఛాసిస్ కింద గట్టి దుంగలు పెట్టు. ఒక పక్కే విప్పు, రెండోది ముట్టుకోకు. స్ప్రింగు ఎటు తగిలించాలో మర్చిపోతే రెండో పక్క చూసి బిగించుకోవచ్చు. లోపలి దుమ్ముని నోటితో ఊదకు, తడిగుడ్డతో తుడువు.

అమ్మ సున్నుండలు కొరియర్‌లో పంపుతోంది. డబ్బా కింద నా రింగు స్పానర్ల సెట్టు పెట్టాను. అందులో 13 నంబరుది లేదు, అక్కడే ఒకటి కొనుక్కో.

నాన్న