నెట్‌వర్క్ ఏపీఐలో ఎంటీయూ ఫీల్డ్: మెర్జ్ చేసే ముందు చూడండి

అందరికీ నమస్కారం. నెట్‌వర్క్ క్రియేట్, అప్‌డేట్ కాల్స్ రెండింటిలోనూ ఎంటీయూను (ఒక ప్యాకెట్ గరిష్ఠంగా ఎన్ని బైట్లు ఉండొచ్చో చెప్పే విలువ) యూజర్ ఇచ్చుకునేలా ఫీల్డ్ పెడుతున్నాం. తప్పనిసరి చేయొద్దు, పాత క్లయింట్లు విరిగిపోతాయి. ఇవ్వకపోతే సర్వరే లెక్కగట్టి, ఆ విలువను రెస్పాన్స్‌లో చూపించాలి.

లెక్క ఇదీ: కింద ఉన్న అసలు నెట్‌వర్క్ ఎంటీయూ 1500 అయితే, ఐపీవీ4 మీద వీఎక్స్‌లాన్ (ఆ నెట్‌వర్క్ మీదుగా వర్చువల్ నెట్‌వర్క్ ప్యాకెట్లను మోసుకెళ్లే పద్ధతి) హెడర్లు 50 బైట్లు తింటాయి (ఐపీ 20, యూడీపీ 8, వీఎక్స్‌లాన్ 8, లోపలి ఈథర్నెట్ 14). మిగిలేది 1450. బయటి హెడర్ ఐపీవీ6 అయితే 1430. అంతకు మించి అడిగితే 400 ఎర్రర్ ఇచ్చి, గరిష్ఠం ఎంతో మెసేజ్‌లోనే చెప్పండి. ఐపీవీ6 సబ్‌నెట్ ఉంటే 1280 కంటే తగ్గనివ్వొద్దు.

ఈ చెక్ వదిలేస్తే వచ్చే తిప్పలు పట్టుకోవడం చాలా కష్టం. పింగ్ వెళ్తుంది, లాగిన్ అవుతుంది, పెద్ద ఫైలు మాత్రం మధ్యలో బిగుసుకుపోతుంది. చిన్న ప్యాకెట్లు దాటిపోతాయి, నిండు ప్యాకెట్లు దారిలో రాలిపోతాయి. ప్యాకెట్ పెద్దదైందని పంపినవాళ్లకి చెప్పాల్సిన ఐసీఎంపీ మెసేజ్‌ని ఏదో ఫైర్‌వాల్ ఆపేస్తుంది. టెస్ట్‌కి ఫ్రాగ్మెంట్ చేయొద్దనే ఆప్షన్‌తో 1422 బైట్ల పింగ్ కొట్టండి: 28 బైట్ల హెడర్లు కలిపితే సరిగ్గా 1450. 1423 ఫెయిల్ అవ్వాలి.

అప్‌డేట్ చేయగానే నడుస్తున్న వీఎంలలో (వర్చువల్ మెషీన్లలో) ఎంటీయూ మారిపోదు. విలువ డీహెచ్‌సీపీ (మెషీన్లకు ఐపీ, సెట్టింగులు ఇచ్చే ప్రోటోకాల్) ఆప్షన్ 26 ద్వారా వెళ్తుంది కాబట్టి లీజు మళ్లీ తీసుకోవాలి. స్టాటిక్ ఐపీ ఉన్నవాటిలో చేత్తో మార్చాల్సిందే. తగ్గించేటప్పుడు ముందు వీఎంలు, తర్వాత నెట్‌వర్క్. పెంచేటప్పుడు దీనికి తలకిందులు. డాక్యుమెంటేషన్‌లో ఈ వరుస తప్పకుండా రాయండి.