గురువు అనే మాటకు మొదటి అర్థం బరువు

సంపాదకులకు నమస్కారం.

గురుపూర్ణిమ దగ్గరపడినప్పుడల్లా పత్రికల ఆధ్యాత్మిక పుటల్లో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది. ‘గు’ అంటే చీకటి, ‘రు’ అంటే దాన్ని పోగొట్టేది, కనుక అజ్ఞానమనే చీకటిని పోగొట్టేవాడు గురువు అన్నది దాని సారాంశం. ఆ వాక్యం మీద నాకు చిన్నచూపు లేదు. అద్వయతారకోపనిషత్తు “గుశబ్దస్త్వంధకారః స్యాత్ రుశబ్దస్తన్నిరోధకః” అని స్పష్టంగానే చెప్పింది. గురుగీత ‘రు’కారానికి తేజస్సు అని అర్థం చెప్పింది కనుక కొందరు ‘పోగొట్టేది’ అనీ, మరికొందరు ‘వెలుగు’ అనీ రాస్తుంటారు. ఈ వివరణను ఆ పదం పుట్టుకగా చెప్పడమే నా అభ్యంతరం. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఇది ప్రతి ఏటా ఎదురయ్యే ఇబ్బంది, ఎందుకంటే పిల్లలు వ్యుత్పత్త్యర్థాల కింద దీన్నే కంఠతా పట్టి, దీన్నే రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు.

సంస్కృత వ్యాకరణం ఈ పదాన్ని రెండక్షరాలుగా చీల్చదు. ధర్మాన్ని ఉపదేశించేవాడు అనే అర్థంలో ‘గృణాతి’ అనే క్రియకు మూలమైన ధాతువు నుంచి వ్యాఖ్యాతలు దీన్ని సాధించారు. అజ్ఞానాన్ని మింగేవాడు అనే అర్థంలో ‘గిరతి’ నుంచి సాధించినవారూ ఉన్నారు. అక్షరాలను విడదీసి భావం చెప్పుకోవడం నిర్వచన పద్ధతి. వేదపదాల అర్థాలను వివరించిన యాస్కుడు తన నిరుక్తంలో ఆచార్య శబ్దానికి ఆచారాన్ని గ్రహింపజేసేవాడు, అర్థాలను పోగుచేసేవాడు, బుద్ధిని పోగుచేసేవాడు అని ఒకేచోట మూడు వివరణలు ఇచ్చాడు. ఆ మూడూ ఆ మాట పుట్టుకలేనని ఎవరూ అనుకోరు. గురు శబ్దం విషయంలో మాత్రం ఆ వివేచన ఎందుకు మరిచిపోతున్నామో తెలియదు.

గురు శబ్దం మొదట విశేషణం, దాని అర్థం బరువైనది. ఋగ్వేదం మొదటి మండలం 39వ సూక్తంలో మరుత్తులు, అంటే గాలివాన దేవతలు, స్థిరమైనదాన్ని పడగొడతారని, ‘గురు’వైనదాన్ని దొర్లిస్తారని ఉంది, అక్కడ బోధకుడి ప్రసక్తే లేదు. లాటిన్‌లో బరువైనదని అర్థమిచ్చే గ్రావిస్, గ్రీకులోని బారుస్ ఈ పదానికి సజాతీయాలని, అంటే ఒకే మూలం నుంచి పుట్టినవని భాషాశాస్త్రవేత్తలు నిర్ణయించారు. గ్రావిస్ నుంచి వచ్చిన గ్రావిటీకి మనం గురుత్వాకర్షణ అని పేరు పెట్టుకోవడంతో, ఎప్పుడో విడిపోయిన రెండు మాటలు మళ్లీ ఒకచోట చేరినట్లయింది. గౌరవం, గరిమ, గరిష్ఠం కూడా ఈ గురు శబ్దం నుంచి వచ్చినవే. ఒకరిని గౌరవించడమంటే ఆయన బరువును గుర్తించడమన్నమాట.

పద్యానికి గణవిభజన చేసిన ప్రతి విద్యార్థికీ ఈ అర్థం నిజానికి తెలుసు. దీర్ఘాక్షరం గురువు, హ్రస్వమైనా సంయుక్తాక్షరానికి ముందుంటే గురువు. ‘శిష్యుడు’ అని నల్లబల్ల మీద రాసి గుర్తులు పెట్టమంటే, తరువాతి ‘ష్యు’ ఒత్తిడి వల్ల ‘శి’ గురువవుతుంది, మాట మొత్తం భగణమవుతుంది. ‘గురువు’ అన్న మాటలో మాత్రం మూడూ లఘువులే, అది నగణం. పిల్లలు దీన్ని చూసి ఆశ్చర్యపోతారు. ‘అయితే గురువంటే బరువా?’ అని వాళ్లే అడుగుతారు. పాఠం అక్కడ మొదలుపెట్టవచ్చు.

నానార్థాల్లో గురువుకు ఉపాధ్యాయుడు, తండ్రి, బృహస్పతి అని వల్లె వేయిస్తాం కానీ, పొంతన లేనట్లు కనిపించే ఆ అర్థాలు ఒక్క మాటలో ఎలా ఇమిడాయో చెప్పం. ‘బరువైనవాడు’ అనే మూలార్థాన్ని పట్టుకుంటే ముగ్గురూ ఒకే వరుసలో నిలుస్తారు. మనుస్మృతి రెండో అధ్యాయంలో 140 నుంచి 142 వరకు ఉన్న శ్లోకాలు ఇక్కడ బాగా పనికివస్తాయి. ఉపనయనం చేసి వేదమంతా చెప్పినవాడు ఆచార్యుడు, జీవిక కోసం వేదంలో ఒక భాగాన్నో వేదాంగాలనో చెప్పేవాడు ఉపాధ్యాయుడు, నిషేకాది కర్మలు, అంటే గర్భాధానం మొదలైన సంస్కారాలు జరిపి అన్నం పెట్టి పెంచినవాడు గురువు. అంటే అక్కడ గురువు తండ్రే. అమరకోశమూ “నిషేకాదికృద్గురుః” అనే అంటుంది. ఉపాధ్యాయుడు ప్రాకృతం మీదుగా మన భాషలోకి వచ్చి ఒజ్జ అయ్యాడు. తైత్తిరీయం “ఆచార్యదేవో భవ” అన్నది, గురుదేవో భవ అనలేదు. బ్రహ్మవిద్య కోరేవాడు గురువునే చేరాలని చెప్పిన ముండకోపనిషత్తు, ఆ గురువు శ్రోత్రియుడూ (వేదం చదివినవాడు) బ్రహ్మనిష్ఠుడూ (బ్రహ్మంలో నిలిచినవాడు) అయి ఉండాలని వెంటనే చెప్పింది. ఈ మాట ఆధ్యాత్మిక బోధకుడికి ప్రధానంగా నిలిచిపోవడానికి ముందు ఇంత ప్రయాణం ఉంది.

ఒక చిన్న మాట. ‘ఆయన మీద నాకు గురి’ అనే తెలుగు గురికి ఈ గురువుతో చుట్టరికం లేదు. అది లక్ష్యం, గుర్తు అనే అర్థాల్లో తమిళంలోనూ ఉన్న ద్రావిడ పదం. రెండింటినీ ముడిపెట్టే వ్యాసాలు కూడా వస్తున్నాయి కనుక చెప్పవలసి వచ్చింది.

కాబట్టి ఇకమీదట ‘గు’కార ‘రు’కారాల వివరణను ప్రచురించేటప్పుడు అది అద్వయతారకోపనిషత్తు చెప్పిన నిర్వచనమని ఒక్క వాక్యం చేర్చి, మూలార్థాన్ని కూడా పక్కనే ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. మీ పుట నుంచి కత్తిరించిన కాగితాలను పిల్లలు తమ నోటుపుస్తకాల్లో అంటించుకుంటున్నారు.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు