జాయినింగ్ ఫీజు ఎత్తేశాం, ఇక లెక్క ఇదీ

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మా బరువు తగ్గించే సెంటర్‌లో ఆరు నెలల ప్యాకేజీ ఉండదు, జాయినింగ్ ఫీజూ ఉండదు. నెలకు 2,400 రూపాయలు, 5 శాతం జీఎస్టీతో 2,520. ఏ నెలది ఆ నెలే కట్టాలి. మొదటిసారి డైటీషియన్‌తో ముప్పావు గంట, ఆపై వారానికోసారి ఇరవై నిమిషాలు ఇందులోనే. రక్తపరీక్షలు, వంట సరుకుల ఖర్చు మీది.

ప్యాకేజీ ఎందుకు తీసేశారని అడుగుతున్నారు. ఉన్న మాట చెప్పుకుందాం: ఈ వ్యాపారంలో లాభమంతా మధ్యలో మానేసేవాళ్ల దగ్గరే ఉంటుంది. ఆరు నెలలకు 24,000 ముందే కడితే నెలకు 4,000 అనిపిస్తుంది. రెండు నెలలు వచ్చి మానేస్తే నెలకు 12,000 పడ్డట్టు. జనవరిలోనూ పెళ్లి ముహూర్తాల ముందూ ఆఫర్ల బోర్డులు వెలిసేది అందుకే, ఉత్సాహం చల్లారకముందే మొత్తం రాబట్టుకోవడానికి.

‘నెలలో పది కిలోలు తగ్గిస్తాం’ అనే మాటకు లెక్క కట్టి చూడండి. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి, అంటే తినేదానికన్నా అంత ఎక్కువ ఖర్చవ్వాలి; పది కిలోలకు 77,000. నెలలో అయిపోవాలంటే రోజుకు 2,500 పైమాటే. చాలామంది ఆడవాళ్లకు రోజు మొత్తం మీద అన్ని కేలరీలు ఖర్చే కావు. అంటే పూర్తిగా పస్తున్నా కుదరదు. మొదటి వారంలో గబగబా దిగేది ఎక్కువగా నీరు. అన్నం, చపాతీ తగ్గించగానే ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం (గ్లైకోజెన్), దాంతోపాటు దానికి మూడింతల నీరు పోతాయి. మళ్లీ మామూలుగా తింటే రెండు రోజుల్లో తిరిగొస్తాయి. ‘వారంలో మూడు కిలోలు’ ఫొటోల వెనకున్నది ఇదే.

రోజుకు 500 కేలరీల లోటుతో పది కిలోలకు ఐదు నెలలు పడుతుంది. బరువు తగ్గేకొద్దీ ఒళ్లు ఖర్చు చేసేదీ తగ్గుతుంది కాబట్టి ఆరో నెల పట్టినా ఆశ్చర్యం లేదు. అందుకే ఎక్కడ చేరినా నెల ఫీజు కాదు, ఏడాది ఖర్చు అడగండి. మా దగ్గర ఐదు నెలలకు 12,600. తర్వాత బరువు మళ్లీ పెరగకుండా నెలకోసారి వస్తే 630 చొప్పున ఏడు నెలలకు 4,410. మొత్తం 17,010. ఇకమీదట బోర్డు మీద ఈ అంకే రాస్తాం.

ఎక్కడో ఫీజు తక్కువని చేరితే ప్రొటీన్ షేక్ పొడి డబ్బాల దగ్గర దొరికిపోతారు. 500 గ్రాముల డబ్బా, 25 గ్రాముల స్కూపు, రోజుకు రెండు అనుకుందాం. పది రోజులకే డబ్బా ఖాళీ. డబ్బా 2,000 అయితే నెలకు 6,000, అంటే మా ఫీజుకు రెండింతలు దాటింది. పెసరట్టుకు 60 గ్రాముల పెసలు నానబోస్తే 14 గ్రాముల ప్రొటీన్ వస్తుంది, రెండు గుడ్లతో 12. ఇంట్లో ఇవి ఉండగా డబ్బా ఎందుకో మాకూ అర్థం కాదు. ఇక మేం డబ్బాలు అమ్మం.

నడుము చుట్టుకొలత తగ్గిస్తుందనే ఇంచ్ లాస్ మెషీన్ కూడా తీసేస్తున్నాం. వేడి పట్టీ చుట్టి చెమట పట్టించాక టేపు అరంగుళం తక్కువ చూపిస్తుంది, నీళ్లు తాగితే మామూలే. టేపు ఎక్కడ పెట్టారన్నదాన్ని బట్టి కూడా కొలత మారుతుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యన, ఊపిరి వదిలాక కొలవాలి. ప్రతిసారీ అక్కడే.

పన్ను సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జిమ్‌లు, ఇలాంటి సెంటర్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. 10,000 ఫీజుకు అప్పట్లో 11,800 అయ్యేది, ఇప్పుడు 10,500. మా అద్దె మీద కట్టే పన్నును మునుపటిలా మినహాయించుకోలేం, ఆ భారం ఫీజులోనే కలిసి ఉంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న సెంటర్ మాత్రం ఆ పేరుతో పైసా తీసుకోకూడదు.

‘వడ్డీ లేని ఈఎంఐ’ అంటే చాలాచోట్ల మీ పేరు మీద ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. సెంటర్‌కు డబ్బు మొదటి రోజే చేరిపోతుంది. మీరు రావడం మానేసినా వాయిదా ఆగదు, ఎగ్గొడితే అప్పులిచ్చేవాళ్లు చూసే సిబిల్ స్కోరు పడిపోతుంది. నెలనెలా ఖాతాలోంచి డబ్బు దానంతటదే కోసుకునే యూపీఐ ఆటోపే కూడా అంతే. మీ యాప్‌లో మాండేట్ (మీరిచ్చిన అనుమతి) తెరిచి రద్దు చేస్తేనే కోత ఆగుతుంది. ఎక్కడైనా చెప్పిన సేవ ఇవ్వకుండా, డబ్బూ తిరిగివ్వకుండా సతాయిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

షుగర్‌కు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ గానీ వాడేవాళ్లు డాక్టర్‌తో మాట్లాడాకే రండి. తిండి తగ్గించి మందు డోసు అలాగే ఉంచితే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. గర్భిణులనూ పాలిచ్చే తల్లులనూ చేర్చుకోం. టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్) రిపోర్టులు మూడు నెలల్లోపువైతే చాలు, ఏ ల్యాబ్‌వైనా ఫరవాలేదు. 2025 మార్చిలో మన దేశానికి వచ్చిన మౌంజారో లాంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు మా దగ్గర దొరకవు. అవి డాక్టర్ రాయాల్సినవి.

పాత ప్యాకేజీలో నెలలు మిగిలి ఉన్నవాళ్లు బిల్లు తీసుకురండి. మిగిలినవి కొత్త పద్ధతిలోకి మార్చుకోవచ్చు. వద్దంటే ఆ మొత్తం పదిహేను రోజుల్లో మీరు కట్టిన ఖాతాకే వేస్తాం. సీలు తీయని షేక్ డబ్బాలు కూడా వెనక్కి తీసుకుంటాం, గడువు తేదీ దాటకపోతే.